పూజ చేసిన సీసా

వంశీధర్‌రావు సారుకు పళ్ల సందుల్లో ఏదైనా ఇరుక్కుంటే అగ్గిపుల్ల దొరకదు, పిపెట్ టిప్పు దొరుకుతుంది. ఆవిరి పట్టి, డబ్బాలో మూత పెట్టి, చేతులకు తొడుగులు వేసుకుని మాత్రమే ముట్టుకోవాల్సిన, ద్రవాలను చుక్కల లెక్కన కొలిచి పోసే ప్లాస్టిక్ గొట్టం ముక్క అది. ఆయన ఒట్టి వేళ్లు డబ్బాలో పెట్టి ఒకటి లాగి, పళ్లు కుట్టుకుంటూ, "రోజా, గ్రాఫ్ మంచిగొచ్చిందా?" అని అడుగుతాడు. రోజారాణికి ఆయన మీద మొదట పుట్టిన రోత అదే. ఆ తర్వాత పుట్టినవాటి ముందు అది చాలా శుభ్రమైన రోత.

రోజారాణిది మరమగ్గాల ఊరు. బాపు దశరథం రోజంతా మగ్గాల మోతలో నిలబడి నిలబడి ఇంటికొచ్చాక కూడా అరిచినట్టే మాట్లాడతాడు. తన బిడ్డ కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో, పెద్ద సారు దగ్గర పీహెచ్‌డీ చేస్తోందని ఆయన ఆ గొంతుతోనే వాడంతా చెప్పుకున్నాడు. ఆ పెద్ద సారు చేసిన పెద్ద పని పేరు వీడీఆర్-7. మొదటి మూడక్షరాలు సారు పేరువి. ఏడు ఎందుకంటే అంతకు ముందు చేసిన ఆరూ పనికిరాలేదు. ఏడోది కూడా పనికిరాలేదన్నదే ఇప్పుడు చెప్పబోయే సంగతి.

చూడటానికి అది కాస్త పచ్చగా ఉండే పొడి. మన ఒంట్లోని కణాలు పెరుగు, ఆగు, చీలు, చావు అని ఎప్పుడూ వార్తలు పంపుకుంటూ ఉంటాయి. ఆ వార్తలను చేతులు మార్చి మోసేవి ఎంజైములు. ఏ ఎంజైము ఏ వార్త మోస్తుందో తెలియాలంటే ఒకదాన్ని ఆపి చూడాలి, కాలువ మీద ఒక తూము మూసి ఏ మడి ఎండుతుందో చూసినట్టు. ఎంజైము సందులోకి దూరి దాని పని ఆపే చిన్న అణువును నిరోధకం అంటారు. అది రోగికి ఇచ్చే మందు కాదు, పరిశోధన చేసేవాళ్ల పనిముట్టు. పనిముట్టే తప్పయితే దానితో కొలిచినవన్నీ తప్పే.

ల్యాబులో దాన్ని పరీక్షించే పద్ధతి కూడా చెప్పుకుంటే అర్థమయ్యేదే. చిన్న చిన్న గుంటలున్న పలకలో ఎంజైము పోస్తారు. ఎంజైము పని చేస్తే గుంట నీలంగా వెలుగుతుంది. నిరోధకం వేస్తే ఆ వెలుగు తగ్గుతుంది. పొడిని పొడిగా వేయలేరు కనుక డీఎంఎస్‌ఓ అనే ద్రవంలో కరిగించి వేస్తారు. పోయిన దసరా అయిన వారంలో రోజారాణి వీడీఆర్-7 వేసి చూసింది. వెలుగు తగ్గింది. మోతాదు పెంచిన కొద్దీ ఇంకా తగ్గింది. గ్రాఫులో గీత మెట్లు దిగినట్టు ముచ్చటగా దిగింది. సారు ఆ గీతను చూసి చంకలు గుద్దుకున్నాడు. పేపరు అచ్చయింది. కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. అందులో సారు ముఖం బండి చక్రమంత, గ్రాఫు అగ్గిపెట్టంత, రోజారాణి పేరు కంటికి ఆననంత.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. సారు ఆ పొడిని పొట్లం కట్టించి ఆదిలాబాద్‌కు పంపాడు. అక్కడి కాలేజీలో ఓంప్రకాశ్ అని ఆయన పాత శిష్యుడు ఇప్పుడు గైడుగా ఉన్నాడు. ఆ గైడు కింద తారాబాయి అని అడవుల మధ్య ఉన్న జైనూర్ పిల్ల పరిశోధన చేస్తోంది. ఇంట్లో మరాఠీ, బడిలో తెలుగు, ల్యాబులో ఇంగ్లీషు, మూడింటితోనూ నెట్టుకొచ్చిన పిల్ల. వీడీఆర్-7 కణాల్లో ఏ వార్తను ఆపుతుందో తేల్చడమే ఆమె థీసిస్. అంటే ఆ పొడి పని చేస్తేనే ఆమెకు డాక్టరేటు.

మాఘమాసంలో ఒకరోజు ఆమె సారుకు ఫోన్ చేసింది. సారు ఫోన్ బల్ల మీద పెట్టి, స్పీకర్ నొక్కి, ల్యాబులో ఉన్నవాళ్లందరినీ చూసి కన్ను గీటాడు.

"సార్, మల్ల చేసిన. వెలుగు తగ్గుతలేదు," అంది తారాబాయి.

"ఏమేం మార్చి చూసినవ్ బిడ్డా?"

"ఎంజైము మార్చిన సార్. పలకలు మార్చిన. ఓంప్రకాశ్ సార్‌ను పక్కకు నిలవెట్టుకొని గూడ చేసిన. పొడి వేసినా వెయ్యకున్నా ఒక్కతీరుగనే ఉంటుంది."

"మరి మా రోజాకు ఎట్లొచ్చింది?"

"తెల్వది సార్."

"నాకు తెలుసు. చెయ్యి. కొందరి చేతిల పని ఉంటది, కొందరి చేతిల ఉండది. మీ అడివి దిక్కు చేతులు కట్టెలు కొట్టుటానికి మంచిగుంటయి. గీ పలకలతోని జర కష్టమే."

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. ఫోన్లోంచి సన్నగా, "మల్ల చేస్త సార్," అని వినిపించింది.

"చెయ్యి. ఎండకాలం లోపల రాలేదనుకో, నీ సీటు వేరేటోళ్లకు ఇయ్యమని ఓంప్రకాశ్‌కు చెప్త," అని సారు ఫోన్ కట్ చేశాడు. తర్వాత ఏదో మంచి పని చేసినవాడిలా టీ తెప్పించి అందరికీ పోయించాడు. రోజారాణి తన టీని సింకులో ఒలకబోసింది. ఒక మనిషిని నిలబెట్టి చెంప మీద కొట్టి, చూసినవాళ్లకు తాంబూలం పంచినట్టుంది.

తారాబాయికి ఆమె ఎప్పుడో ఒకసారి ఫోన్లో పొడి తూచే పద్ధతి చెప్పింది. అంత మాత్రానికే ఆ పిల్ల అక్కా అక్కా అని పిలిచేది. చెయ్యి తిరగకపోతే చూపించి నేర్పుదాం అనుకుని, రెండు వారాల తర్వాత తీరిక దొరికాక రోజారాణి సెల్లును స్టాండుకు బిగించి, వీడియో తీస్తూ మొదటి నుంచీ చేసి చూపించసాగింది. పాత డీఎంఎస్‌ఓ సీసా అడుగంటింది కనుక కొత్త సీసా మూత తీసింది. పొడి కరిగించింది. గుంటల్లో వేసింది. మిషన్‌లో పెట్టి, "ఇగో చూడు తారా, ఇప్పుడు తగ్గుతది," అంది సెల్లు వైపు తిరిగి.

తగ్గలేదు. గుంటలన్నీ నీలంగా వెలుగుతూనే ఉన్నాయి.

మళ్లీ చేసింది, మళ్లీ అంతే. అదే పొడి, అదే ఎంజైము, అదే మిషన్, ఫ్లెక్సీకెక్కిన అదే చెయ్యి. మారింది సీసా ఒక్కటే. ఆమె పాత సీసాను అల్మారా వెనక నుంచి తీసి ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూసింది. నీళ్లలా తేటగా ఉండాల్సిన ద్రవం అడుగున పచ్చగా ఉంది. మూత మరల్లో కుంకుమ ఎండి ఉంది.

దసరా రోజు ఆమెకు కళ్లకు కట్టింది. మన దగ్గర ట్రాక్టరు ఉన్నవాడు ట్రాక్టరుకు, మగ్గం ఉన్నవాడు మగ్గానికి ఆయుధపూజ చేస్తాడు. సారు పట్టుపంచె కట్టుకొచ్చి ల్యాబుకు చేశాడు. ఫ్రిజ్జుకు, సూక్ష్మదర్శినికి, గిర్రున తిరిగే మిషన్లకు, ఆఖరికి బల్ల మీద వరసగా ఉన్న సీసాలకు కూడా బొట్లు పెట్టాడు. నీళ్లలో కలిపిన పసుపు సీసాల మీద అంటక జారిపోతోందని విసుక్కున్నాడు. తర్వాత కొద్దిసేపటికే ఉన్నట్టుండి అన్నీ చక్కగా అంటుకున్నాయి. ఎట్లా అంటుకున్నాయో ఎవరూ అడగలేదు, అందరి కళ్లూ పులిహోర గిన్నె మీద ఉన్నాయి.

ఆ పులిహోర చేసింది లస్మవ్వ. ల్యాబు ఊడ్చి, గాజుసామాను కడిగే మనిషి. సారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అక్కడే గచ్చు మీద ఉమ్మేశాడు. దేవుడి ప్రసాదంలో వెల్లుల్లి వేస్తావా, నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు అని పిల్లలందరి ముందూ తిట్టిపోశాడు. లస్మవ్వ వేయలేదని ఒట్టు పెట్టుకున్నా వినలేదు. ఆ ఉమ్మిని కూడా ఆమె చేతనే తుడిపించాడు. తిన్నవాళ్లెవరికీ వెల్లుల్లి వాసన తగల్లేదు, కాని సారుకు తగిలిందంటే తగిలినట్టే కదా అని అందరూ తలూపారు.

రోజారాణి సీసా చేత్తో పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడింది. డీఎంఎస్‌ఓ తొడుగులు లేకుండా ఒంటికి తగిలితే చర్మంలోంచి లోపలికి పోతుంది, కాసేపట్లోనే నోరంతా వెల్లుల్లి రుచి వస్తుంది. ల్యాబులో చేరిన మొదటి రోజు ప్రతి ఒక్కరికీ చెప్పే మాట ఇది. ఆమెకు చెప్పింది వంశీధర్‌రావు సారే. నీళ్లతో అంటని పసుపును అంటించడానికి ఆ మహానుభావుడు పసుపు పూసుకున్న వేలును తీసుకెళ్లి డీఎంఎస్‌ఓ సీసాలో ముంచాడు. ఎన్నిసార్లు ముంచాడో ఆ దేవుడికే తెలియాలి.

పసుపు ఆ ద్రవంలో చక్కగా కరుగుతుంది. కరిగి, నీలి వెలుగును మింగుతుంది. కనబడిన ఎంజైముకల్లా అంటుకుని దాన్ని మొద్దుబారుస్తుంది. పొడి కూడా పచ్చనిదే కనుక రంగు చూసి ఎవరికీ అనుమానం రాలేదు. పోలిక కోసం పొడి లేకుండా పెట్టే గుంటలున్నాయే, వాటికి ఇదే సీసా వాడి ఉంటే అప్పుడే బయటపడేది. కాని ఎంజైము కిట్టుతో వచ్చిన డీఎంఎస్‌ఓ చిన్న బుడ్డీ ఉంది కదా, అది వేయి, దండుగ చేయకు అని సారు చెప్పాడు, ఆమె విన్నది. మోతాదు పెంచిన కొద్దీ పెరిగింది వీడీఆర్-7 ఒక్కటే కాదు, దానితో పాటు పసుపు. తారాబాయికి పోయింది పొడి పొట్లం ఒక్కటే. ఆ పిల్ల తన సీసాలో కరిగించుకుంది, ఉన్నది ఉన్నట్టు చూసింది.

రోజారాణి పాత సీసా అడుగున మిగిలిన చుక్కలను, పొడి వేయకుండా, ఒట్టివి గుంటల్లో వేసి చూసింది. గీత మెట్లు దిగింది. అచ్చం ఫ్లెక్సీ మీద దిగినట్టే దిగింది.

సారు ఆ సమయానికి తన గదిలో మిరపకాయ బజ్జీలు తిని పళ్లు కుట్టుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా అడ్డు చెప్పకుండా విన్నాడు. చివరికి, "నేను వేలు ముంచలే," అన్నాడు.

"మీకు ఎల్లిగడ్డ వాసన ఒచ్చింది సార్. మీ ఒక్కలకే ఒచ్చింది."

"ముంచితే ముంచిన. పూజకు ముంచిన, పాపానికి ముంచలే. పసుపు ఏమన్న విషమా?"

"పేపర్ తప్పని రాయాలె సార్ మనం."

"అచ్చయినంక తప్పేంది? అచ్చయిందంటే నిజమే." సారు ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "గ్రాఫ్ గీసింది నువ్వు. బుడ్డీ మార్చింది నువ్వు. పేపర్ల ముందు పేరు నీది, ఆఖరి పేరు నాది. మునిగితే ఎవలు ముందు మునుగుతరో సోంచాయించుకో. జర ఊకో. ఎండకాలంల నీ థీసిస్ గూడ అయిపోతది, మీ బాపు ఖుషీ అయితడు."

"మరి తారాబాయి?"

"ఆమెకేంది, ఆమెకు ఒచ్చింది. మొన్ననే ఒచ్చిందని ఓంప్రకాశ్ ఫోన్ చేసిండు. వచ్చే వారమే సెమినార్, నన్నే ముఖ్య అతిథిగ పిలిచిండ్రు. ఇప్పుడు ఏమంటవ్?"

సారు నవ్వి, పళ్లు కుట్టుకున్న టిప్పును తీసుకెళ్లి తిరిగి డబ్బాలోనే గుచ్చాడు, మిగతావాటి మధ్య. ఆమె బయటికొచ్చి కుళాయి దగ్గర వాంతి చేసుకుంది.

వచ్చిందంటే ఎట్లా వచ్చింది? ఆ వారమంతా అదే పురుగు తొలిచింది. తానే తప్పేమో, పసుపు కాకుండా పొడిలో కూడా ఏదన్నా ఉందేమో అని ఆశ పుట్టేది. ఆశ పుట్టినందుకు మళ్లీ తన మీద తనకే ఒళ్లు మండేది. సెమినార్ రోజు పొద్దున్నే జగిత్యాల మీదుగా పోయే బస్సెక్కింది. నిర్మల్ ఘాట్ దాటి ఆదిలాబాద్ చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది.

తారాబాయి కాలేజీ మెట్ల కింద నిలబడి ఉంది. కొత్త పట్టుచీర, తలలో పూలు. థీసిస్ అప్పగించే ముందు అందరి ముందూ చెప్పుకోవాల్సిన సెమినార్ అది, పెళ్లిచూపుల కంటే ఎక్కువ హడావిడి. రోజారాణిని చూసి మొదట ముఖం వికసించింది, వెంటనే వాడింది.

"అక్కా, నువ్వొస్తవని చెప్పలేగా. మా ఆయి గూడ జైనూర్ నుంచి వచ్చింది. లోపట కూసున్నది." అమ్మను ఆ పిల్ల మరాఠీలో ఆయి అనే పిలుస్తుంది.

"నీకు ఎట్లొచ్చింది తారా?"

"ఒచ్చింది."

"ఏ సీసాల కరిగించినవ్?"

తారాబాయి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. రోజారాణి ఇక దాచలేదు. వేలు, పసుపు, వెల్లుల్లి, పాత సీసా, అన్నీ చెప్పింది. చెబుతుంటే ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"అంటే నా చెయ్యి తప్పు కాదా?" అంది.

"కాదు. మా అందరిల నువ్వొక్కదానివే సరిగ్గ చేసినవ్."

తారాబాయి గోడకు ఆనుకుంది. ఒక్క క్షణం నవ్వింది. ఆ నవ్వు నవ్వుగానే ఉండగా కళ్లలోంచి నీళ్లు కారాయి. "పది పన్నెండు రోజుల ముందు చెప్పకపోతివి అక్కా," అంది. "ఓంప్రకాశ్ సార్ నీ గ్రాఫ్ నా ముంగట పెట్టిండు. గిది రావాలె, రాకుంటే సామాన్ సదురుకో అన్నడు. పక్కన కూసొని నేనే గీసిన. అంకెలు గూడ నేనే రాసిన. జర వంకర పెట్టమన్నడు, మరీ సాఫ్ ఉంటే నమ్మరట."

ఉన్నది ఉన్నట్టు చూసిన మనిషి ఈ మొత్తం వ్యవహారంలో ఒక్కతే. ఆ ఒక్కదాన్ని పట్టుకుని, మెడలు వంచి, అబద్ధమాడే దాకా వదల్లేదు వీళ్లు. పసుపు కలిసిన సీసా కంటే ఇది అసహ్యం. సీసాను పారబోయవచ్చు.

"ఇయ్యాల చెప్పకు అక్కా," అంది తారాబాయి. "మా ఆయి చూస్తుంటది. నీ కాళ్లు మొక్కుత."

రోజారాణి సరే అనలేదు, కాదనలేదు. పిల్ల కళ్లు తుడిచి లోపలికి పంపి, తాను వెనక వరసలో కూర్చుంది.

హాలు నిండింది. తారాబాయి చెప్పాల్సింది చెప్పింది. తెర మీద గీత మెట్లు దిగుతుంటే అటు చూడకుండా, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు గబగబా చెప్పేసింది. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఉన్న ఆమె తల్లి ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, చప్పట్లు అందరికంటే ఆఖరున ఆపింది. ఓంప్రకాశ్ శాలువా తెచ్చి వంశీధర్‌రావు సారుకు కప్పాడు. సారు మైకు తీసుకున్నాడు.

"గీ పిల్లకు మొదట చేతకాలే. నేను తిట్టిన. తిట్టుడు గూడ ఆశీర్వాదమే," అన్నాడు. "అడివిల ఉన్న చేతికి గూడ పని నేర్పొచ్చని ఇయ్యాల రుజువైంది. ఇంక వీడీఆర్-7ను దేశంల ఇంకో పది ల్యాబులకు పంపుతున్నం. పది మంది తారాబాయిలు తయారైతరు."

పది మంది తారాబాయిలు అన్న మాట దగ్గర రోజారాణి తనకు తెలియకుండానే లేచి నిలబడింది. ఇంకో పది మంది ఆడపిల్లలు, మగపిల్లలు, రాని దాన్ని రానట్టు చెప్పినందుకు తిట్లు తిని, చివరికి గీత గీయడం నేర్చుకుంటారు. తారాబాయి వేదిక మీద నుంచి ఆమెనే చూస్తూ తల అడ్డంగా ఊపుతోంది.

"సార్, నా గ్రాఫ్ గురించి ఒక మాట చెప్పాలె," అంది రోజారాణి. "నా ఒక్కదాని గ్రాఫ్ గురించే. అది తప్పు. నేను పొడి కరిగించిన సీసాల పసుపు కలిసి ఉన్నది. వెలుగు తగ్గించింది పసుపు, వీడీఆర్-7 కాదు. పొడి లేకుంట గూడ అదే గీత వచ్చింది. కొత్త సీసాల చేస్తే ఏం రాలే."

సారు ముఖంలో రంగు మారింది గాని పెదవుల మీది నవ్వు పోలేదు. గురువును కాపాడుకోవాలని శిష్యుడికి ఆత్రం ఎక్కువ. ఓంప్రకాశ్ కుర్చీలోంచి లేచి, "మరి మా తారాబాయికి ఎట్లొచ్చిందమ్మా?" అని గదమాయించాడు. "మా దగ్గర పసుపు లేదుగద. చెప్పు తారాబాయ్."

అన్ని తలలూ ఆ పిల్ల వైపు తిరిగాయి. తారాబాయి బల్ల అంచు పట్టుకుంది. తల్లిని ఒకసారి చూసింది.

"రాలే సార్," అంది. "నాకు ఎన్నడూ రాలే. మీరు రావాలన్నరు, తెచ్చిన."

ఓంప్రకాశ్ అలాగే నిలబడిపోయాడు, కూర్చోవాలని కూడా తోచలేదు. ఇప్పుడన్నా సారు తల దించుకుంటాడని రోజారాణి అనుకుంది. అంతటి ఆలోచన చేసినందుకు తర్వాత తనను తానే తిట్టుకుంది. సారు శాలువా భుజం మీదికి సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"శభాష్," అన్నాడు మైకులో. "గిదే, గీ మాట కోసమే నేను ఎదురుచూస్తున్న. నాకు మొదటి నుంచే అనుమానం ఉండె. అందుకే రోజాను పాత సీసా చూడుమని నేనే పెట్టిన. ఆదిలాబాద్ పోయి అందరి ముంగట చెప్పుమని పంపింది గూడ నేనే. తన తప్పు తానే పట్టుకునేటోడే నిజమైన సైంటిస్టు."

ముందు ఒకరు, ఆ వెనక అందరూ చప్పట్లు కొట్టారు. తారాబాయికి కొట్టిన వాటి కంటే గట్టిగా కొట్టారు. రోజారాణికి ఆ చప్పుడు ఒంటి మీద చీమలు పాకినట్టుంది. లేదు, ఈయన అబద్ధం చెబుతున్నాడు అని అరుద్దామనుకుంది. ఎవరు వింటారు? ఆమె చెప్పిన నిజమే ఇప్పుడు ఆయన నోట్లో ఉంది, ఆయనదైపోయి ఉంది.

"ఇంక దీని మీద కొత్త పేపర్ రాస్తున్న," అన్నాడు సారు చెయ్యెత్తి చప్పట్లు ఆపుతూ. "మన పసుపు ఎంత గొప్పదో, ఎంత పెద్ద ఎంజైమునైనా ఎట్ల ఆపుతదో, చిన్న చుక్క ఎన్ని ల్యాబులను ముంచుతదో. పెద్ద పత్రికల వస్తది. గీ ఇద్దరు పిల్లలు పాపం కష్టపడ్డరు, వీళ్ల పేర్లు గూడ ఏస్త. ఆ పేపర్ మీదనే ఇద్దరికీ థీసిస్ ఇప్పిస్త."

పేపరుంటే థీసిస్ ఉంటుంది. థీసిస్ ఉంటే బాపుకు మగ్గాల మోత మీది నుంచి అరవడానికి ఒక మాట ఉంటుంది. రోజారాణికి ఆ లెక్క మనసులో క్షణంలో పూర్తయింది. పూర్తయినందుకు నోరంతా చేదెక్కింది. వేదిక మీద తారాబాయి తలలోంచి పూలు తీసి బల్ల మీద పెడుతోంది.

"నా పేరు వద్దు సార్," అంది రోజారాణి.

"నాది గూడ వద్దు," అంది తారాబాయి. మైకు లేకపోయినా ఆ మాట వెనక వరస దాకా వినిపించింది.

సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. జాలిపడ్డట్టు తల పంకించి, హాలు వైపు తిరిగి నవ్వాడు.

"వద్దంటే వద్దు. పేర్లకేం కొదువ, మీల ఎవలన్న వస్తరా?"

పరిహాసానికి అన్న మాటే. కాని ముందు వరసలో ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. వాడి పక్కనున్న అమ్మాయి ఎత్తింది. వాళ్లను చూసి వెనక నుంచి ఇంకో నాలుగైదు చేతులు లేచాయి.